ఏడో గొలుసు మీద పొయ్యి

నమోదు 1. ఆశ్వయుజ బహుళ విదియ

ఓపెన్ ఫైలు చదివిపెట్టే లైసెన్సు ఉన్నవాళ్ళు చిట్టా రాయాలట. ఏం చదివాం, ఎవరికి చదివాం, వాళ్ళకి ఏం చెప్పాం. ఈ చిట్టా కూడా ఓపెనేనట, ఎవరైనా చూడొచ్చట. అంటే ఇది చదువుతున్న నువ్వెవరో నాకు తెలీదు. లంగరు శాఖ మనిషివైతే నీకో నమస్కారం, ఆ వెంటనే ఒక మాట. నీ మీద నాకు నమ్మకం లేదు.

నా పేరు నూకరత్నం. మాది కొత్తలంక. సముద్రం పైకొచ్చి కోనసీమ మునిగిపోయాక నీళ్ళ మీద తేలుతున్న లంకల్లో ఇదొకటి. పన్నెండు గొలుసులు, అడుగున నేలలో దిగేసిన స్తంభాలకి కట్టి ఉంటాయి. అవి పట్టుకుని ఉన్నంతకాలం మాకు ఊరుంటుంది. ప్రతి గొలుసుకీ ఒక పరికరం ఉంది. గొలుసు ఎంత బిగువుగా లాగుతోందో అది శాఖకి అంకెల్లో చెబుతూ ఉంటుంది. మొన్నటిదాకా ఆ అంకెలు మా కంట పడనిచ్చేవారు కాదు. వాటికోసం జనం తరఫున అర్జీలు రాయడమే నా పాత వృత్తి. ఎన్ని రాసినా ఒకటే జవాబు వచ్చేది, "భద్రతా కారణాల దృష్ట్యా ఇవ్వలేము" అని. మా భద్రత సంగతి మాకు చెప్పకపోవడం మా భద్రత కోసమేనన్నమాట.

అలాంటిది దసరా వెళ్ళిన వారంలోనే అన్ని లంకల అంకెలూ, పాతవీ కొత్తవీ కలిపి, ఎవరైనా దించుకోవచ్చని వదిలేశారు. తాళం లేదు, రుసుము లేదు, ఏ మిషను మీదైనా తెరుచుకుంటుంది. చూడ్డం రానివాళ్ళకి చదివిపెట్టమని నాలాంటివాళ్ళకి లైసెన్సులు కూడా పంచారు. ఊళ్ళో అందరూ సంబరపడ్డారు. నేను మాత్రం ఒళ్ళంతా కళ్ళు చేసుకుని కూర్చున్నాను. అడిగితే ఇవ్వనివాళ్ళు అడక్కుండా ఇచ్చారంటే ఎక్కడో ఏదో ఉండి తీరాలి.

సాయంత్రం మా అక్క వరహాలమ్మ హోటలుకి వెళ్ళి పెసరట్టు తిన్నాను. హోటలు లంక ఈశాన్యం మూలన ఉంటుంది. ఆ వెనక గదిలోనే అక్క, ఆవిడ కోడలు, కోడలి నెలల పిల్ల పడుకుంటారు. అట్టు పోస్తుంటే పిండి పెనం మీద ఒక పక్కకే జారుతోంది. "కొత్త పెనం సొట్టగా ఉందే, అంటగట్టేసేడు వెధవ" అని అక్క తిట్టుకుంది. నేను పెనం కిందికి వంగి చూశాను. పెనం బాగానే ఉంది.

చదివించుకున్నవారు: ఎవరూ లేరు.

నమోదు 2. బహుళ పంచమి

ఇవాళ జనం బాగానే వచ్చారు. మా గొలుసులు ఎలా ఉన్నాయని అడిగేవాళ్ళే అందరూ. పన్నెండూ పచ్చగా ఉన్నాయని చెప్పి పంపించాను. శాఖ లెక్కలో పచ్చ అంటే క్షేమం, ఎరుపంటే ప్రమాదం. చెబుతున్నప్పుడు నాలుక కొంచెం తడబడింది. ఇంత పచ్చదనం నేను పెళ్ళి పందిట్లో కూడా చూడలేదు.

జనం పోయాక దసరా నాటి అంకెలు తెరిచాను. మా పద్ధతి తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. ఆయుధపూజ రోజు లంకల్లో గొలుసులకి పూజ చేస్తారు. మేస్త్రి ఒక్కో గొలుసు దగ్గరా చక్రం తిప్పి దాన్ని వదులు చేస్తాడు. పూజారి అవధానిగారు పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొడతారు. మేస్త్రి మళ్ళీ బిగిస్తాడు, అప్పుడు రెండోదాని దగ్గరికి వెళతారు. ఏడాదంతా మనల్ని మోసినదానికి కాసేపు విశ్రాంతి. రెండు గొలుసులు ఒకేసారి వదలడం మాత్రం ఎప్పుడూ లేదు. వదిలితే లంక తిరిగిపోతుంది.

ఆ పూజంతా అంకెల్లో కనబడింది. మొదటి గొలుసు అంకె ఒక్కసారిగా కిందికి జారి మళ్ళీ లేచింది. కాసేపటికి రెండోది, ఆ తర్వాత మూడోది. అవధానిగారు ఎంత నెమ్మదిగా నడిచారో కూడా తెలిసిపోతోంది. నాలుగో దగ్గర ఆలస్యమైంది, అక్కడ ఆయన మజ్జిగ తాగారు, నాకు గుర్తే. నాకు భలే ముచ్చటేసింది. ఎక్కడో ఆఫీసులో ఉన్న యంత్రం మా పండగని ఇంత శ్రద్ధగా చూసిందా అనుకుని కళ్ళు చెమర్చాయి కూడా. అనుమానం మనిషినే గానీ రాయిని కాదు.

ఆరో గొలుసు అంకె జారింది. అదే క్షణంలో ఏడోది కూడా జారింది, ఆరో దానితోపాటే లేచింది.

ఒక్క పూజారి రెండు గొలుసుల దగ్గర ఒకే క్షణంలో కొబ్బరికాయ ఎలా కొట్టాడు?

ఇంకో సంగతి. దసరా నాడు ఏడో గొలుసుని అసలు వదులు చేయనే లేదు. దాని చక్రం మా అక్క హోటల్లోనే ఉంది. ఆ చక్రం మీద ఇనప రేకు పరిచి, దానిమీద పొయ్యి పెట్టుకుంది. రెండు దసరాలుగా సింహాద్రి మేస్త్రి అక్కడ చక్రం తిప్పడం లేదు. పొయ్యికే బొట్టు పెట్టించి కొబ్బరికాయ కొట్టించేస్తున్నాడు. అక్క ఇద్దరికీ వేడి వేడి ఉప్మా పెడుతుంది. తిప్పని చక్రానికి గొలుసు ఎలా వదులైంది?

నమోదు 3. బహుళ సప్తమి

సింహాద్రిని పట్టుకుని అడిగాను. మంచివాడే, కానీ అక్క గొంతు పెద్దదైతే ఆయన గొంతు లోపలికి పోతుంది.

"చక్రం తిప్పాలంటే పొయ్యి దింపాలండి. పొయ్యి దింపాలంటే గోడ విప్పాలండి. వరహాలమ్మగారికి ఎవరు చెప్తారండీ?" అన్నాడు.

"నేను చెప్తాను."

"ఆయ్, మీరే చెప్పండి. నేను ఇక్కడ నిలబడతాను."

అక్క గరిటె పట్టుకునే సమాధానం చెప్పింది. "చిన్నప్పట్నించీ ఇంతేనే నువ్వు. అమ్మ పాలు ఇస్తే అందులో నీళ్ళు కలిపిందేమోనని చూసేదానివి. అనుమానప్పక్షివి! ఫైల్లో పచ్చగా ఉందని నువ్వే ఊరంతటికీ చదివి పెట్టేవు కదా, ఇప్పుడు నా పొయ్యి కూల్చమంటావేంటి?"

"పచ్చగా ఉంది కాబట్టే అనుమానమక్కా."

"ఎర్రగా ఉంటే భయమంటావు, పచ్చగా ఉంటే అనుమానమంటావు. మరి ఏ రంగుంటే అట్టు తిని డబ్బులిచ్చి పోతావే?"

హోటల్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఒకాయన మాత్రం నవ్వకుండా, "దాచిపెట్టినన్నాళ్ళూ మీరు అనుమానించేరంటే అర్థముంది. అంతా బయట పెట్టేసేక కూడా ఏంటండీ?" అని అడిగాడు. అదే నన్ను రాత్రంతా పొడిచింది. దాచిన రోజుల్లో మేస్త్రులు రోజూ గొలుసులు తట్టి చూసేవారు, పొయ్యి కిందున్న మా ఏడోది తప్ప. ఫైలు తెరుచుకున్న దగ్గర్నించి ఎవరూ తట్టడం లేదు. అందరికీ కనబడుతోంది కదా అని ఎవరికి వారే ఊరుకున్నారు.

అక్క కోడలు చంటిపిల్లని ఊయల్లో వేసింది. ఎవరూ ఊపకుండానే ఊయల ఊగుతోంది.

నమోదు 4. బహుళ దశమి

తుపాను కబురు వచ్చింది. దీపావళి లోపే మా మీదుగా వెళుతుందట.

ఎరుపున్న లంకలకి శాఖవాళ్ళు పెద్ద లాగుడు పడవలు పంపుతారు. వాటిలో అదనపు గొలుసులు ఉంటాయి. ఏ లంకకి పడవ పంపాలో ఇప్పుడు మనిషి తేల్చడు, ఓపెన్ ఫైలే తేలుస్తుంది. పక్షపాతం ఉండదని దాన్ని కూడా అందరూ మెచ్చుకున్నారు. జాబితా చూశాను. కొత్తలంక లేదు. ఎందుకుంటుంది, పన్నెండూ పచ్చ.

శాఖకి రాశాను. ఏడో గొలుసు అంకెలు దానివి కావు, ఆరోదాని అంకెలే దానికి అతికించారు అని వివరంగా రాశాను. రెప్పపాటులో జవాబు వచ్చింది. "మీ లంక స్థితి: క్షేమం. మీ ఆసక్తికి ధన్యవాదాలు."

ఇక నా బుర్ర ఊరుకుంటుందా? కొత్త గొలుసుకని మంజూరైంది ఎవరో తినేశారని అనుకున్నాను. పరికరాలు అమ్మేసుకున్నారని అనుకున్నాను. సింహాద్రికి వాటా ముట్టిందేమోనని ఆయన కొత్త చెప్పుల వైపు చూశాను. పాపం, అవి ఆయన అల్లుడు కొనిపెట్టినవట. సిగ్గేసింది గానీ అనుమానం మాత్రం పోలేదు.

ఇదంతా ఇక్కడ రాస్తున్నాను. ఈ చిట్టా చూస్తున్నవాడివి ఎవరివో, చూస్తూ ఊరుకోకు. ఆ మూలన మా అక్క ఉంది. ఆరునెలలు నిండని పిల్ల ఉంది.

చదివించుకున్నవారు: నాకు నేనే.

నమోదు 5. బహుళ ఏకాదశి

పొద్దున్నే శాఖ పడవలో ఒక అమ్మాయి దిగింది. మెడలో గుర్తింపు కార్డు, కళ్ళకింద నలుపు. పేరు కౌముది అంది. ఫైళ్ళు ఓపెన్ చేసే విభాగంలో పని చేస్తుందట.

"మీ చిట్టా చదివానండి" అంది.

లైసెన్సు లాక్కోవడానికి వచ్చిందనుకున్నాను. కుర్చీ వేయలేదు, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. "ఎవరు పంపేరు నిన్ను?" అని అడిగాను.

"ఎవరూ పంపలేదు. సెలవు పెట్టి వచ్చాను. ఆ ఏడో గొలుసు అంకె... అది నా పనేనండి."

నేను అనుకున్న దొంగల్లో ఒక్కరికి కూడా ఈ పిల్ల ముఖం లేదు. ఆమే గడప మీద కూర్చుని చెప్పుకొచ్చింది.

"ఫలానా తేదీకల్లా అన్ని లంకల ఫైళ్ళూ జనానికి తెరవాలన్నారు. నాకూ అదే కోరిక, ఆ ఉద్యోగంలో చేరిందే అందుకు. కానీ ఓపెన్ ఫైలుకి ఒక నియమం ఉంది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా తనిఖీ ప్రోగ్రాము మొత్తం ఫైలుని తిప్పికొడుతుంది. కొన్ని గొలుసుల పరికరాలు ఎప్పుడో మూగబోయాయి. ఆ ఖాళీల వల్ల ఫైలు పదే పదే వెనక్కొచ్చేది. చివరికి, ఖాళీ ఉన్నచోట పక్క గొలుసు అంకె నింపమని ఒక్క లైను రాశాను. ఈతగాళ్ళు దిగి చూసేదాకా తాత్కాలికంగానే అనుకున్నాను."

"దిగేరా మరి?"

"పచ్చగా ఉన్నచోటికి ఎందుకు దిగాలన్నారండి."

లేచి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. కోపం రాలేదని కాదు, చాలా వచ్చింది. కానీ నా లెక్కంతా తలకిందులైంది. ఇన్నేళ్ళూ దాచేవాళ్ళని అనుమానించాను. చూపించాలని తహతహలాడినవాళ్ళ తొందర నా అనుమానంలోకి ఎప్పుడూ రాలేదు.

"పరికరం పోతే గొలుసు పోయినట్టేనా?" అని అడిగాను.

"కాదండి. గొలుసు బాగానే ఉండొచ్చు. చక్రం తిప్పి చూస్తే గానీ తెలీదు."

"ఆ చక్రం మీద మా అక్క పొయ్యి ఉంది" అన్నాను. కౌముదికి అర్థం కాలేదు. అక్క హోటలుకి తీసుకెళ్ళి చూపించాను. అక్క ఆమెకి అట్టు పెట్టింది. పిండి ఎప్పటిలాగే ఒక పక్కకి జారింది.

నమోదు 6. బహుళ ద్వాదశి

గాలి మొదలైంది. అక్క పొయ్యి దింపనంటే దింపనంది. "అంకె తప్పని నా కళ్ళకి చూపించు, అప్పుడు గోడ నేనే విప్పుకుంటాను" అంది. సరే, చూపిస్తానన్నాను.

అవధానిగారిని పిలిచాను. "దసరా వెళ్ళిపోయింది కదమ్మాయ్, ఇప్పుడు గొలుసు పూజేమిటి?" అన్నారు. పూజ కాదండీ పరీక్ష, అయినా కొబ్బరికాయ తెచ్చుకోండి అన్నాను. ఊరంతా హోటలు ముందు చేరింది. నా మిషను బల్ల మీద పెట్టి, ఆరో గొలుసు అంకె, ఏడో గొలుసు అంకె పక్కపక్కన అందరికీ కనబడేలా తెరిచాను. ఏడో గొలుసు జోలికి ఎవరూ వెళ్ళొద్దని గట్టిగా చెప్పాను. అక్క తన పొయ్యికి అడ్డంగా నిలబడింది, చేతిలో గరిటె కూడా ఉంది.

సింహాద్రి ఆరో చక్రం దగ్గరికి వెళ్ళాడు. "కాయ కొట్టినంతసేపేనండి. ఈ గాలికి అంతకంటే వదల్లేను" అని అరిచాడు. చక్రం తిరిగింది.

ఆరో అంకె జారింది. ఎవరూ ముట్టుకోని ఏడో అంకె కూడా దాని పక్కనే, దాంతోపాటే జారింది.

ఆ వెంటనే లంక మూల పక్కకి తూగింది. పాలగిన్నె పొయ్యి మీంచి దొర్లింది, లోపల పిల్ల గుక్కపెట్టింది. సింహాద్రి చక్రం బిగించేసరికి అవధానిగారి చేతిలో కాయ కొట్టకుండానే ఉండిపోయింది. దసరా నాడు కూడా ఆరో గొలుసు దగ్గర ఇలాగే తూగింది. అమ్మవారు వచ్చిందని అప్పుడు అందరం చెంపలేసుకుని దణ్ణం పెట్టాం. నేను కూడా పెట్టాను. ఒక్కరం కూడా కిందికి చూడలేదు.

అక్క గరిటె పక్కన పెట్టి, ముందు కోడల్నీ పిల్లనీ అవధానిగారింటికి పంపించింది. తర్వాత గోడ పలకలు తనే పీకడం మొదలుపెట్టింది. పొయ్యి ఎంతసేపటికి చల్లారుతుందని ఎవరో అడిగితే, "నీళ్ళు పొయ్యండ్రా" అంది. రెండేళ్ళుగా ఆరని పొయ్యి అది. పొగ, బూడిద, ఆవిరి, వాటి మధ్యలో మా అక్క ముఖం. నాకు ఏడుపొచ్చింది.

రేకు తీశారు. చక్రానికి సింహాద్రి చెయ్యి వేశాడు. ఇద్దరు పట్టాల్సిన చక్రం ఒంటిచేత్తో గిర్రున తిరిగింది. గొలుసు పైకొచ్చేసింది, బావిలోంచి ఖాళీ చేద తోడినంత సుళువుగా. నాలుగు బారలు రాగానే అయిపోయింది. చివరి కడియం తుప్పు తినేసి సూదిలా అయింది. ఎప్పుడు తెగిందో ఎవరికి తెలుసు?

అక్క ఆ ముక్కని చేతిలోకి తీసుకుని చూసింది. "దీని మీదేనా నేను అట్లు పోసింది" అంది.

నమోదు 7. బహుళ త్రయోదశి

కౌముది నిన్ననే శాఖకి ఫైలు పంపింది, ఏడో గడి ఖాళీగా వదిలి. తిరిగొచ్చింది. మళ్ళీ పంపింది, మళ్ళీ వచ్చింది.

"ఖాళీ తీసుకోదు" అంది. "సున్నా తీసుకుంటుంది."

"పెట్టు మరి."

"సున్నా అంటే గొలుసు లేదని. ఇన్నాళ్ళూ ఆ గడిలో నేను పెట్టినవి దొంగ అంకెలని నేనే సంతకం చేసినట్టు."

బలవంతపెట్టే హక్కు నాకుందో లేదో తెలీదు. ఆమె హోటలు వైపు చూసింది. గోడలు లేని ఆ గదిలో ఊయల ఒక్కటే వేలాడుతోంది. సున్నా కొట్టింది. కొత్తలంక మొత్తం ఎర్రబడింది. నా జన్మలో ఎరుపు చూసి అంత సంతోషపడింది ఎప్పుడూ లేదు.

ఇవాళ పొద్దున్న లాగుడు పడవ వచ్చి ఈశాన్యం మూలకి కొత్త గొలుసు బిగించింది. అట్టు పోసి చూద్దామంటే పొయ్యి లేదు. అక్క నేల మీద చెంబుతో నీళ్ళు ఒలికించింది. నీళ్ళు ఎటూ పోకుండా ఉన్నచోటే నిలిచాయి.

అప్పుడు కౌముదిని అడిగాను, ఇలా నింపినవి ఇంకా ఎన్ని లంకల్లో ఉన్నాయని.

"తెలీదండి" అంది. "ఎక్కడ నింపిందో గుర్తు పెట్టమని ఆ లైనులో రాయలేదు. నింపినదీ నిజమైనదీ ఒకేలా ఉంటాయి."

ఒకేలా ఉండవు. దసరా నాడు ఉండవు. అన్ని లంకల్లోనూ పూజ ఒకే పద్ధతి, ఒక్కో గొలుసుకీ ఒక్కో కాయ. ఏ లంకలో ఒకే క్షణంలో రెండు గొలుసులు వదులయ్యాయో చూస్తే చాలు. శాఖలో ఎవరికీ ఈ సంగతి తెలీదు. మాకు తెలుసు. ఫైలు మా చేతిలోనే ఉంది. దాన్ని మాకు ఇచ్చినందుకు, ఇంత తిట్టాక, ఈ ఒక్క ముక్క కూడా రాయాలి: మంచి పనే చేశారు.

తుపాను ఇంకో పూటలో వస్తుంది. హోటలు బల్లల మీద మిషన్లు పెట్టుకుని ఊరంతా కూర్చుంది. చదవగలిగినవాళ్ళకి తలా కొన్ని లంకలు పంచాను. అవధానిగారు కళ్ళజోడు సవరించుకుని, "ఇదిగో, గోగులలంక, మూడూ నాలుగూ కలిసి జారాయి" అన్నారు. ఆయనే మొదట పట్టారు.

రేడియోలో గోగులలంకని పిలిచాను. వాళ్ళ మేస్త్రి పలికాడు. "మాది పచ్చగానే ఉందండి. మీరు కంగారు పడకండి" అన్నాడు. ఆ గొంతులో ఉన్న నవ్వు నాకు తెలుసు. మొన్నటిదాకా మా అక్క గొంతులో విన్నాను.

అక్క నా చేతిలోంచి మైకు లాక్కుంది.

"ఏవయ్యా, మీ మూడూ నాలుగూ చక్రాల మీద ఏం పెట్టేరు?"

"నాలుగో దాని మీద వినాయకుడి పందిరి సామానండి. పెద్ద బరువేం కాదు" అన్నాడు.

"దసరాకి తిప్పేరా దాన్ని?"

మేస్త్రి గొంతు సవరించుకుంటుండగానే అక్క మళ్ళీ అందుకుంది.

"నీ ఫైలు పచ్చగా ఉంటే ఉండనీ నాయనా. నా దాని మీద పొయ్యి పెట్టుకుని రెండేళ్ళు అట్లు పోసేను నేను. నా మనవరాలిని దాని పక్కనే పడుకోబెట్టేను. సామాను తీసి తిప్పి చూడు. నేనిక్కడే ఉంటాను, వెళ్ళిరా."

మైకు పట్టుకుని అలాగే నిలబడింది. రేడియోలోంచి గాలి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. బల్లల దగ్గర అందరూ చదవడం ఆపేశారు. చాలాసేపటికి మేస్త్రి మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆ గొంతులో నవ్వు లేదు.

"తిప్పేనండి... ఊరికే తిరిగిపోతందండి."

అక్క కళ్ళు ఒక్క క్షణం మూసుకుంది. "ముందు ఆ మూలనున్న పిల్లాపాపల్ని ఇవతలికి తెచ్చేసుకోండి బాబూ. ఇక్కడ అమ్మాయి సున్నా పెడుతోంది, పడవ వస్తుంది" అంది. కౌముది అప్పటికే పెట్టేసింది.

అక్క నావైపు తిరిగింది. చేతులకి ఇంకా బూడిద ఉంది.

"తర్వాతది చదవవే" అంది.

చదివించుకున్నవారు: వరహాలమ్మ, మా అక్క. మొదటిసారి.